ఎఫ్‌టీఓ మీద జింక్ ఆక్సైడ్ నానోరాడ్లు: పొడంతా అడుగున, గాజు మీద మచ్చలు

వుర్ట్‌జైట్22

ఎఫ్‌టీఓ గాజు (ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్ పూత ఉన్న, కరెంటు పారే గాజు) మీద జింక్ ఆక్సైడ్ నానోరాడ్లు, అంటే అతి సన్నని కడ్డీలు, నిలువుగా పెంచాలి. కావలసిన పొడవు 2 మైక్రాన్లు. ఇప్పుడు చేస్తున్న పద్ధతి ఇదీ:

సీడ్ లేయర్ (రాడ్లు మొలవడానికి ముందుగా వేసే పలుచని పొర): ఇథనాల్‌లో 10 మిల్లీమోలార్ జింక్ అసిటేట్, 2000 ఆర్‌పీఎం, 30 సెకన్లు, ఒకే కోటు. తర్వాత హాట్‌ప్లేట్ మీద 100 డిగ్రీలు, 10 నిమిషాలు.

గ్రోత్ బాత్ (రాడ్లు పెంచే ద్రావణం): జింక్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 50 మిల్లీమోలార్, హెక్సమిన్ 50 మిల్లీమోలార్, డీఐ నీళ్లు (అయాన్లు తీసేసిన నీళ్లు) 100 మి.లీ., మూత బిగించిన గాజు సీసా. సబ్‌స్ట్రేట్, అంటే గాజు ముక్క, 2.5 × 2.5 సెం.మీ. కోటింగ్ వైపు పైకి పెట్టి సీసా అడుగున పడుకోబెట్టాను. హాట్ ఎయిర్ ఓవెన్ 90 డిగ్రీలు, 4 గంటలు. రాత్రి ఓవెన్ ఆపేసి, సీసా తెల్లారి తీశాను.

ఫలితం: అడుగున దట్టంగా తెల్లపొడి. గాజు మీద పలుచని తెల్లపొర, వేలితో రుద్దితే ఊడి వస్తోంది. సెమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) పువ్వుల్లాంటి గుత్తులు, అక్కడక్కడ అడ్డదిడ్డంగా రాడ్లు. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్ కిరణాలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్షలో) 36.3 డిగ్రీల కోణం దగ్గరి పీకే అన్నిటికన్నా ఎత్తు. రెండోసారి సబ్‌స్ట్రేట్‌ని బోర్లా పెడితే పొడి పడలేదు కానీ, గుండ్రటి ఖాళీ మచ్చలు వచ్చాయి, ఒక్కొక్కటి 2, 3 మి.మీ. ఉంటుంది.

పొడి రాకుండా ఎలా ఆపాలి? ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి తట్టుకునే మూసిన పాత్రలో) 120 డిగ్రీలకి పోతే బాగుంటుందా? స్టిర్రింగ్ పెట్టనా? ద్రావణం పీహెచ్ 5.4 చూపించింది, అది సరైనదేనా?

గట్టిపాకం

ముందు ఒక లెక్క వేద్దాం. 100 మి.లీ.లో 50 మిల్లీమోలార్ అంటే 5 మిల్లీమోల్ జింక్. అదంతా ఆక్సైడ్‌గా మారితే సుమారు 407 మి.గ్రా. ఇక మీ గాజు: 6.25 చ.సెం.మీ. వైశాల్యం, 2 మైక్రాన్ల ఎత్తు. రాడ్లు 60 శాతం చోటు నింపాయనుకున్నా, సాంద్రత 5.6 చొప్పున బరువు 4 మి.గ్రా. పైచిలుకు, అంతే. బాత్‌లో ఉన్న జింక్‌లో నూటికి ఒక వంతు! మిగతా 99 వంతులు ఎక్కడో ఒకచోట తేలాలి కదా. కొంత ద్రావణంలోనే ఉండిపోతుంది, మిగిలింది పొడి. కాబట్టి ఈ బాత్‌లో పొడి అసలు రాకూడదంటే కుదరదు. అది ఆలస్యంగా వచ్చేలా, వచ్చినా గాజు మీద పడకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది.

జరిగేదేమిటంటే, వేడికి హెక్సమిన్ మెల్లగా విరిగి ఫార్మాల్డిహైడ్, అమ్మోనియా ఇస్తుంది. అమ్మోనియా నీటితో కలిసి హైడ్రాక్సైడ్ ఇస్తుంది. ఆ హైడ్రాక్సైడ్ జింక్‌తో కలిసి, నీళ్లు వదిలేసి ఆక్సైడ్ అవుతుంది. పీహెచ్ పెరిగేకొద్దీ హెక్సమిన్ విరగడం నెమ్మదిస్తుంది, అందుకే ఈ బాత్ తనని తాను అదుపులో పెట్టుకుంటుంది. సోడియం హైడ్రాక్సైడ్ ఒక్కసారిగా పోస్తే ఈ సౌకర్యం ఉండదు.

ద్రావణం అతిసంతృప్తం కాగానే, అంటే అందులో కరగగలిగిన దానికన్నా ఎక్కువ చేరగానే, జింక్‌కి రెండు దారులు. ఉన్న సీడ్ మీద చేరడం ఒకటి, ద్రావణం మధ్యలో కొత్త కేంద్రకం (కొత్త స్ఫటికానికి తొలి పలుకు) కట్టడం రెండోది. కొత్త కేంద్రకానికి కొత్త ఉపరితలం కావాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. ఆ అడ్డంకి ఉపరితల శక్తి ఘనానికి అనులోమంగా, అతిసంతృప్తత లాగరిథమ్ వర్గానికి విలోమంగా ఉంటుంది. అంటే అతిసంతృప్తత కొంచెం పెరిగినా అడ్డంకి దబ్బున కూలిపోతుంది. సీడ్ మీద పెరగడానికి ఆ ఖర్చు దాదాపు లేదు. మనకి కావలసింది ఆ మధ్య సందు: సీడ్ పెరగడానికి సరిపోవాలి, కొత్త కేంద్రకాలకి చాలకూడదు. పాకం పట్టేటప్పుడు గిన్నె అంచున కట్టిన నాలుగు పలుకులు జారి పాకంలో పడితే మొత్తం పంచదార కట్టేస్తుంది చూడండి, ఇక్కడ ఒకసారి పొడి మొదలైతే అంతే. పొడి రేణువుల ఉపరితలం మీ గాజు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి జింక్ అటే పోతుంది, గాజు మీద పెరుగుదల ఆగిపోతుంది.

అందుకని:

సాంద్రత 25 మిల్లీమోలార్‌కి దించండి. 100 మి.లీ.కి జింక్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 0.744 గ్రా., హెక్సమిన్ 0.350 గ్రా. రాడ్లు సన్నబడతాయి కూడా. రెండింటినీ 50 మి.లీ. చొప్పున విడివిడిగా కరిగించి, వడగట్టి, అప్పుడు కలపండి. కరగని ఒక్క రేణువు మిగిలినా పొడికి అదే తొలి కేంద్రకం.

స్టిర్రింగ్ వద్దు. కదిలించిన కొద్దీ పొడి రేణువులు ఒకదానికొకటి తగిలి, విరిగి, మరిన్ని కేంద్రకాలు పుడతాయి.

సబ్‌స్ట్రేట్ బోర్లానే ఉండాలి. పైకి పెడితే ద్రావణంలో పుట్టిన గుత్తులన్నీ దాని మీదే కూర్చుంటాయి. మీ సెమ్‌లో పువ్వులు అవే, వేలికి ఊడి వస్తున్నదీ అదే. కానీ పూర్తిగా అడ్డంగా బోర్లిస్తే బుడగలు ఇరుక్కుంటాయి. మీ గుండ్రటి మచ్చలు బుడగల అచ్చులు. చల్లని నీటిలో కరిగి ఉన్న గాలి 60, 70 డిగ్రీలు దాటేసరికి బయటికొచ్చి గాజు కింద అతుక్కుంటుంది, బుడగ ఉన్నంతమేరా ద్రావణం తగలదు. డీఐ నీటిని ముందే 10 నిమిషాలు మరిగించి, మూత పెట్టి చల్లార్చి వాడండి. సబ్‌స్ట్రేట్‌ని సీసా గోడకి ఆనించి 60 నుంచి 70 డిగ్రీల వాలులో, కోటింగ్ వైపు కిందికి చూసేలా నిలబెట్టండి. వేడెక్కిన అరగంటకి సీసాని ఒక్కసారి మెల్లగా తట్టితే మిగిలిన బుడగలు జారిపోతాయి.

ఇక రాత్రంతా వదిలేయడం పెద్ద తప్పు. జింక్ అయిపోయాక బాత్ మెల్లగా ఆమ్లం వైపు జరుగుతుంది. అప్పుడు రాడ్డు పైముఖం, అంటే ధ్రువ ముఖం, పక్క ముఖాల కన్నా ముందు కరగడం మొదలుపెడుతుంది. నడిమధ్యలో తొలిచినట్టై రాడ్లు గొట్టాలుగా తయారవుతాయి. గొట్టాలు కావాలనుకునేవాళ్లు కావాలనే అలా చేస్తారు, అది వేరే సంగతి. మీరు మాత్రం వేడి మీదుండగానే తీసి, వేడి డీఐ నీటితో కడిగి, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి.

బీకర్‌బాబు

పైన చెప్పినవన్నీ నిజమే కానీ, అసలు దెబ్బ సీడ్ దగ్గరే తగిలింది. 100 డిగ్రీలకి జింక్ అసిటేట్ డైహైడ్రేట్‌లో నీళ్లు పోతాయి, అసిటేట్ అసిటేట్‌గానే ఉంటుంది. అది ఆక్సైడ్‌గా మారాలంటే 250 దాటాలి, నమ్మకంగా కావాలంటే 350. మారని అసిటేట్ నీటిలో కరుగుతుంది. అంటే గ్రోత్ బాత్‌లో పెట్టిన మొదటి నిమిషంలోనే మీ సీడ్ సగం కొట్టుకుపోయింది. గాజు మీద సీడ్ లేకపోతే జింక్ ఇంకెక్కడికి పోతుంది?

నేనైతే ఇలా చేయమంటాను. జింక్ అసిటేట్ డైహైడ్రేట్ 0.110 గ్రా., అబ్సల్యూట్ ఇథనాల్ 50 మి.లీ., 60 డిగ్రీల దగ్గర అరగంట కలిపితే 10 మిల్లీమోలార్ ద్రావణం నీళ్లలా తేటగా వస్తుంది. మసకగా ఉంటే వాడొద్దు. 2000 ఆర్‌పీఎం, 30 సెకన్లు, ప్రతి కోటుకీ మధ్య 100 డిగ్రీల మీద ఒక నిమిషం, మొత్తం 5 కోట్లు. చివర ఫర్నేస్‌లో 350 డిగ్రీలు, 30 నిమిషాలు. ఎక్కించడం నిమిషానికి 5 డిగ్రీల చొప్పున. దించేటప్పుడు ఫర్నేస్ తలుపు తెరవకండి, ఎఫ్‌టీఓ కింద ఉన్నది మామూలు సోడా గాజే, చిట్లుతుంది.

రెండు జాగ్రత్తలు. వానాకాలంలో, లేదా విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో, స్పిన్ చేస్తుండగానే ఫిల్మ్ మీద తెల్లటి మసక కమ్ముతుంది. ఇథనాల్ ఆవిరవుతూ గాజుని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద పడుతుంది. అలాంటి రోజు గాజుని 50, 60 డిగ్రీలకి వేడి చేసి వెంటనే స్పిన్ చేయండి, లేదా ఏసీ గదిలో చేయండి. ఇక రెండోది నవ్వులాటగా ఉంటుంది కానీ చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే: ఎఫ్‌టీఓ ఏ వైపు ఉందో మల్టీమీటర్‌తో చూసుకోండి. కొన్ని పదుల ఓమ్‌లు చూపించేదే కోటింగ్ వైపు. సీడ్ పూశాక వెనకవైపు మూలలో డైమండ్ పెన్‌తో చిన్న గీత గీయండి, బాత్‌లో పెట్టేటప్పుడు తికమక ఉండదు.

శుభ్రం సంగతి: సబ్బునీళ్లు, డీఐ, అసిటోన్, ఐసోప్రొపనాల్, ఒక్కోదానిలో అల్ట్రాసోనిక్ 15 నిమిషాలు. తీశాక గాజు మీద నీటి చుక్క వేయండి. పరుచుకుంటే సరే. ముత్యంలా నిలబడితే మళ్లీ మొదటికి.

సెమ్‌గది

ఎక్స్‌ఆర్‌డీ గురించి ఒక మాట. కాపర్ కే ఆల్ఫా ఎక్స్ కిరణాలతో జింక్ ఆక్సైడ్‌కి 31.8 దగ్గర 100, 34.4 దగ్గర 002, 36.3 దగ్గర 101 పీకులు వస్తాయి (100, 002, 101 అనేవి స్ఫటిక తలాల పేర్లు). రేణువులు దిక్కూదివాణం లేకుండా ఎటుపడితే అటున్న పొడిలో 101 అన్నిటికన్నా ఎత్తు. రాడ్లు నిలువుగా నిలబడితే 002 మిగతావాటిని మింగేస్తుంది. మీ ఫిల్మ్‌లో 36.3 ఎత్తుగా ఉందంటే అది రాలిన పొడే.

కానీ ఎఫ్‌టీఓ మీద 34.4 చూసి సంబరపడే ముందు ఆగండి. టిన్ ఆక్సైడ్‌కి 33.9 దగ్గర తన సొంత పీకు ఉంది. పక్కపక్కనే ఉండి కలిసిపోతాయి. ఖాళీ ఎఫ్‌టీఓ ముక్కని అదే సెట్టింగ్‌లో స్కాన్ చేసి పక్కన పెట్టుకోండి. 26.6, 37.9, 51.7 దగ్గర వచ్చేవి కూడా ఎఫ్‌టీఓవే.

ఇంకో రెండు పీకులు వెతకండి. 10 డిగ్రీల లోపు ఏదైనా ఉంటే అది జింక్ హైడ్రాక్సీనైట్రేట్. సెమ్‌లో పలకలు పలకలుగా కనిపిస్తుంది. జింక్ ఎక్కువ, హైడ్రాక్సైడ్ తక్కువ, వేడి చాలలేదని అర్థం. 13 డిగ్రీల దగ్గర ఉంటే హైడ్రోజింకైట్, అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చేరి కార్బొనేట్ అయింది. మూత వదులుగా ఉన్న క్షార బాత్‌లలో అది ఎక్కువ.

ఎఫ్‌టీఓ ఉపరితలమే పిరమిడ్లలా గరుకుగా ఉంటుంది. సీడ్ ఎంత బాగా వేసినా రాడ్లు అటూ ఇటూ కొంచెం వాలతాయి. సీడ్ నాణ్యత తేల్చాలంటే అదే బ్యాచ్‌లో ఒక సిలికాన్ ముక్క కూడా పెట్టండి. సిలికాన్ మీద నిటారుగా వచ్చి ఎఫ్‌టీఓ మీద వాలితే తప్పు మీది కాదు.

పీహెచ్ 5.4 అంటే జింక్ నైట్రేట్ ఒక్కటే ఉన్నప్పుడు కొలిచినట్టుంది. హెక్సమిన్ కలిపాక గది ఉష్ణోగ్రత దగ్గర 6.5, 7 మధ్య రావాలి.

వుర్ట్‌జైట్22

అవును, పీహెచ్ హెక్సమిన్ కలపకముందు కొలిచింది. కలిపాక 6.7 వచ్చింది. 350 డిగ్రీల సీడ్, 25 మిల్లీమోలార్, వాలుగా బోర్లా: 4 గంటలకి రాడ్లు నిలువుగా వచ్చాయి, మచ్చలు లేవు. పొడవు మాత్రం 900 నానోమీటర్లు. 8 గంటలు ఉంచినా అంతే ఉంది. 2 మైక్రాన్లకి ఏం చేయాలి? ఆటోక్లేవ్ ప్రశ్న కూడా ఉంది.

గట్టిపాకం

పెరుగుదల చాలావరకు మొదటి మూడు గంటల్లోనే అయిపోతుంది. ఓవెన్‌లో 100 మి.లీ. సీసా 85 దాటడానికే గంట దాకా పడుతుంది, కాబట్టి మీ 4 గంటలు నిజానికి 3. వాటర్ బాత్ అయితే 20 నిమిషాల్లో ఎక్కుతుంది.

పొడవు కావాలంటే సమయం కాదు, బాత్ మార్చండి. 2.5 గంటలకోసారి కొత్త ద్రావణం. కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్కిలీలో పీడాంగ్ యాంగ్ బృందం 2005లో డై సోలార్ సెల్స్ కోసం 20 మైక్రాన్లు దాటిన తీగలు పెంచింది ఇలాగే, బాత్ మీద బాత్ మారుస్తూ. మీకు రెండు మూడు చాలు. కొత్త సీసాని 40 నిమిషాల ముందు ఓవెన్‌లో పెట్టండి. అది ఇంకా తేటగా ఉండగా, మబ్బు కమ్మకముందే సబ్‌స్ట్రేట్ మార్చాలి. మధ్యలో గాజు ఆరిపోకూడదు. ఆరితే నీటి ఉపరితల తన్యత రాడ్ల కొసల్ని ఒకచోటికి లాగి గుత్తులు కడుతుంది, తర్వాత పెరిగేది ఆ గుత్తుల మీదే. వేడి నీటిలో ముంచి తీసి వెంటనే మార్చేయండి.

కోణార్కం

బాత్‌లు మార్చడం కన్నా అమ్మోనియా కలపడం తేలిక. 25 శాతం అమ్మోనియా 100 మి.లీ.కి సుమారు 2.6 మి.లీ., అంటే 0.35 మోలార్ దగ్గర. మొదట తెల్లగా విరుగుతుంది, కలుపుతూ పోతే మళ్లీ తేటపడుతుంది. జింక్ అమ్మోనియాతో కాంప్లెక్స్ కట్టి దాక్కుంటుంది కాబట్టి స్వేచ్ఛగా ఉన్న జింక్ తక్కువ, ద్రావణంలో పొడి చాలా ఆలస్యం. ఒకే బాత్‌లో 2 మైక్రాన్లు దాటుతాయి. రాడ్లు లావెక్కకుండా పాలీఇథలీన్‌ఇమైన్ కూడా వేయొచ్చు, బ్రాంచ్‌డ్, తక్కువ మాలిక్యులర్ వెయిట్‌ది, 5 మిల్లీమోలార్ దాకా. అది పక్క ముఖాలకి అతుక్కుని అడ్డం పెరగనివ్వదు. తర్వాత 400 డిగ్రీల దగ్గర అరగంట కాల్చి దాన్ని తీసేయాలి.

గట్టిపాకం

అమ్మోనియా మంచిదే, కానీ ఒక మెలిక చెప్పకుండా వదిలేశారు. అమ్మోనియా ద్రావణంలో జింక్ ఆక్సైడ్ చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ కరుగుతుంది, వేడెక్కితే తక్కువ. పంచదారకి, పటికకి పూర్తిగా తలకిందులు. కాబట్టి సీడ్ వేసిన గాజుని చల్లని అమ్మోనియా బాత్‌లో పెట్టి ఓవెన్‌లోకి తోస్తే, వేడెక్కేలోపే ఆ కొద్ది నానోమీటర్ల సీడ్ కరిగిపోతుంది. ముందు బాత్ 80 దాటాలి, అప్పుడు గాజు. తీసేటప్పుడు కూడా వేడిలోనే తీయాలి, చల్లారనిస్తే పెరిగిన రాడ్లే కరుగుతాయి. మామూలు హెక్సమిన్ బాత్‌లో చల్లగా ఉండగా పెట్టినా ఫర్వాలేదు. ఇక్కడ పెట్టకూడదు. ఇంకా, మూత గట్టిగా లేకపోతే అమ్మోనియా ఎగిరిపోతుంది, కాంప్లెక్స్ విరిగి ఒక్కసారిగా పొడి. సిలికోన్ రబ్బరు రింగు ఉన్న మూత వాడండి. సీసాని ఫ్యూమ్ హుడ్‌లోనే తెరవండి. హెక్సమిన్ బాత్ నుంచి ఫార్మాల్డిహైడ్ ఎలాగూ వస్తుంది, దీనికి అమ్మోనియా ఘాటు తోడు.

బీకర్‌బాబు

ఆటోక్లేవ్ ఇక్కడ అనవసరం. 120 దగ్గర హెక్సమిన్ గబగబా విరిగి హైడ్రాక్సైడ్‌ని కుమ్మరించేస్తుంది, మీరు తప్పించుకోవాలనుకుంటున్న పొడే మళ్లీ వస్తుంది. పెద్ద సింగిల్ క్రిస్టల్స్ సంగతి వేరు. క్వార్ట్జ్‌ని క్షార ద్రావణంలో 350 డిగ్రీల చుట్టుపక్కల, వెయ్యి బార్‌ల స్థాయి ఒత్తిడిలో, కింద వేడి, పైన కాస్త చల్లగా ఉంచి వారాల తరబడి పెంచుతారు. జింక్ ఆక్సైడ్‌ని కూడా అలాగే పొటాషియం, లిథియం హైడ్రాక్సైడ్లలో పెంచుతారు, ఆ లిథియం కొంత క్రిస్టల్‌లోకి చేరుతుంది. ఆ పాత్రలు వేరు, మన ల్యాబ్‌లో టెఫ్లాన్ లైనర్ ఉన్న స్టీలు డబ్బా వేరు.

ఎప్పుడైనా వేరే పనికి ఆ డబ్బా వాడితే 70 శాతానికి మించి నింపకండి. నీళ్లు 200 డిగ్రీల దగ్గర ఆరో వంతు దాకా ఉబ్బుతాయి, టెఫ్లాన్ కూడా ఉబ్బుతుంది. ఆవిరికి చోటు లేకపోతే ఒత్తిడి మామూలు 15.5 బార్ దగ్గర ఆగదు. 200 పైన టెఫ్లాన్ మెత్తబడి పెదవి దగ్గర కారుతుంది. గది ఉష్ణోగ్రతకి చల్లారేదాకా మూత తిప్పొద్దు, నీళ్లు పోసి చల్లార్చే తొందర అసలే వద్దు.

సెమ్‌గది

ఒకటి మిగిలిపోయింది. ఎండాకాలం జింక్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ సీసా చూసుకోండి. అది 36 డిగ్రీలకే కరుగుతుంది, గాలిలో తేమనీ లాక్కుంటుంది. మే నెలలో ఏసీ లేని స్టోర్‌రూమ్‌లో ఉంచితే కరిగి, మళ్లీ గడ్డకట్టి, పైన తడి, కింద రాయిలా ఉంటుంది. పైనుంచి చెంచాతో తీసి 0.744 గ్రా. తూస్తే అందులో జింక్ ఎంతుందో చెప్పలేం. ఒక బ్యాచ్‌కి బాగా వచ్చి ఇంకో బ్యాచ్‌కి రాకపోవడానికి ఇదొక కారణం. కొత్త సీసా తెరిచిన రోజే 0.5 మోలార్ స్టాక్ ద్రావణం చేసి, ఈడీటీఏతో ఒకసారి టైట్రేట్ చేసి (అంటే జింక్ ఎంతుందో కొలిచి), సీసా మీద అసలు సాంద్రత రాసి పెట్టుకోండి. తర్వాత 100 మి.లీ. బాత్‌కి 5 మి.లీ. పిపెట్ చేస్తే సరి. హెక్సమిన్ స్టాక్ మాత్రం నిలవ పెట్టకండి, ఎప్పటికప్పుడు కరిగించుకోండి.